పగలు తాళం వేసిన ఇళ్ళు

2006లో నన్ను బిలాస్‌పూర్ నగర ప్రణాళికా కార్యాలయానికి డిప్యూటీ డైరెక్టరుగా వేశారు. మాది గుంటూరు వైపు. భోపాల్‌లో ఉద్యోగంలో చేరాను, రాష్ట్రం విడిపోయినప్పుడు ఛత్తీస్‌గఢ్ వాటాలో పడ్డాను. రిటైర్మెంటు దగ్గర్లోనే ఉంది, ఓపిక అంతకుముందే అయిపోయింది. ఊరు ముందుముందు ఎటు పెరగాలో చెప్పే అభివృద్ధి ప్రణాళిక ముసాయిదా నేను వెళ్ళేసరికే సిద్ధంగా ఉంది. పటాన్ని జనం ముందు పెట్టి, అభ్యంతరాలు విని, కమిటీకి నివేదిక రాయడం నా వంతు.

విని విని చెవులు వాచిపోయాయి. మా పటాల్లో పసుపు అంటే నివాసం, ఆకుపచ్చ అంటే పొలమో తోటో. తన పొలానికి పసుపు పూయమని అడగని ఆసామి లేడు. సీపత్ దారిలో దుకాణాలవాళ్ళకు వెడల్పు రోడ్డు కావాలి, కానీ తమ దుకాణం ముందు వద్దు. ఇలాంటివాళ్ళ మధ్య ఒకరోజు ఉస్లాపూర్ అవతల నుంచి అప్పలనరసమ్మ గారనే పెద్దావిడ వచ్చారు. ఆవిడ మామగారి కాలంలో శ్రీకాకుళం నుంచి రైల్వే పనికి వచ్చిన కుటుంబం. కొడుకు గూడ్సు బండి డ్రైవరు. వాళ్ళ వీధిలో అందరూ డ్రైవర్లూ గార్డులే, అప్పులు చేసి సొంత ఇళ్ళు కట్టుకున్నవాళ్ళు. ముసాయిదాలోని కొత్త లారీల రోడ్డు సరిగ్గా ఆ వీధి మీదుగా పోతోంది.

సర్వే పటం తీసి చూశాను. ఆ వీధిలో చాలా ఇళ్ళకు ‘ఖాళీ’ అని గుర్తు పెట్టి ఉంది. తక్కువమంది నిర్వాసితులయ్యేచోట రోడ్డు గీయడం మా పద్ధతి. అక్కడ ఎవరూ ఉండటం లేదట కదమ్మా అని అడిగాను.

“తాళమేసుంటే కాళీ ఇల్లేటి బాబూ? లోపల మావోడు తొంగున్నాడు.”

రాత్రంతా బండి నడిపి వచ్చిన మనిషి పగలు నిద్రపోవాలి. తలుపు తట్టేవాళ్ళు రాకుండా ఆడవాళ్ళు వీధి తలుపుకు బయట తాళం వేసి, పెరటి దారిన తిరుగుతారు. ఆ కాలనీల్లో ఇది పాత అలవాటు. సర్వే చేసిన ప్రైవేటు ఏజెన్సీ కుర్రాళ్ళు మధ్యాహ్నం వచ్చి, తాళాలు చూసి, గుర్తులు పెట్టుకుని వెళ్ళిపోయారు. తాళం ఉంటే ఖాళీ అని రాయమని వాళ్ళకిచ్చిన సూచనల ప్రకారం అందులో తప్పు కూడా లేదు. నేను స్వయంగా వెళ్ళి చూశాను. వీధి పొడుగునా తాళాలు. ఆవిడ నన్ను పెరట్లోంచి తీసుకెళ్ళారు. కిటికీకి దుప్పటి కట్టిన గదిలో కొడుకు ఒళ్ళు తెలియకుండా నిద్రపోతున్నాడు.

తిరిగొచ్చి డ్రాఫ్ట్స్‌మన్‌తో కూర్చున్నాను. ఒకవైపు కట్నీ రైలు లైను, రైల్వే భూమి మీద గీత గీసే అధికారం మాకు లేదు. ఇంకోవైపు కిక్కిరిసిన ఇళ్ళు. మిగిలింది వీధి చివరి మైదానం ఒక్కటే. అది ముసాయిదాలో బడికి కేటాయించిన స్థలం. ఆ చుట్టుపక్కల పిల్లలు రోజూ పట్టాలు దాటి అవతలి బడికి వెళ్తున్నారని పెట్టిన కేటాయింపు అది. ఆవిడకు తెలియకుండా మార్చేస్తే మోసం అనిపించి, పిలిపించి ఉన్నదున్నట్టు చెప్పాను. రోడ్డు తప్పిస్తే బడి పోతుందన్నాను.

ఆవిడ పటంలో తమ వీధి ఎక్కడో చూపించమని, దాని మీద వేలు పెట్టారు.

“అచ్ఛా. ముందు ఇల్లు నిలబెట్టండి బాబూ. మా మనవరాలూ పట్టాలు దాటే ఎల్తాది. తెలీదేటి నాకు?”

కమిటీ మార్పును ఒప్పుకుంది. నిబంధన ప్రకారం మారిన భాగాన్ని మళ్ళీ ప్రకటించి, అభ్యంతరాలకు గడువిచ్చాం. బడి స్థలం గురించి ఒక్కటీ రాలేదు. రోడ్డు ఖాయమైంది.

పటంలో గీత ఎటు జరిపినా ఎవరిదో ఒకరిది పోతుంది. వచ్చి అడిగినవాళ్ళది మిగులుతుంది. బడికి వెళ్ళే వయసువాళ్ళు విచారణకు రారు.