ముహూర్తం రోజున మా గేటు

మా వీధి కాలవగట్టు దగ్గర ఆగిపోతుంది. అటువైపు మెట్లే తప్ప బండి దిగే దారి లేదు. ఇటువైపు మెయిన్ రోడ్డులో కలిసే మూల మీద ఒకప్పుడు ధాన్యం గోదాం ఉండేది. దాన్ని పడగొట్టి కల్యాణమండపం కట్టారు. ముఖద్వారం మెయిన్ రోడ్డు మీద, వెనక గుమ్మం మా వీధిలో, సరిగ్గా మా గేటుకి ఎదురుగా. ప్రారంభం రోజున ఇంటింటికీ వచ్చి పిలిచారు. మా ఆయనా నేనూ వెళ్ళి భోంచేసి వచ్చాం. పనసపొట్టు కూర బాగుందని మెచ్చుకున్నాం కూడా.

ఆ మరుసటి ఏడే మా ఆయన కిడ్నీలు పనిచేయడం మానేశాయి. ఆయన నిడదవోలు స్టేషన్లో సిగ్నల్ విభాగంలో పనిచేసి రిటైరైన మనిషి. నేను హైస్కూల్లో సాంఘికశాస్త్రం చెప్పేదాన్ని. ఆయన కోసం సర్వీసు ఉండగానే మానేశాను. మాకు పిల్లలు లేరు. వారానికి మూడుసార్లు రాజమండ్రి తీసుకెళ్ళి డయాలసిస్ చేయించాలి. పొద్దున్నే స్లాటు. ఆలస్యమైతే ఆ మంచం ఇంకొకరికి వెళ్ళిపోతుంది. ప్రతిసారీ ఎవరినో బతిమాలుకోలేక ఆ వయసులో కారు నేర్చుకున్నాను. ధవళేశ్వరంలో ఉండే మా చెల్లెలు, "ఏంటక్కా, సైకిలే తొక్కనిదానివి, నువ్వు కారు తోలతావా?" అని నవ్వింది. తోలాను. బయటికి తియ్యగలిగిన రోజుల్లో.

తియ్యలేని మొదటి రోజు బాగా గుర్తుంది. ఆయన్ని ముందు సీట్లో కూర్చోబెట్టి, బెల్టు పెట్టి, వచ్చి గేటు తీశాను. గేటుకి అడ్డంగా పెద్ద తెల్ల కారు నిలబడి ఉంది. అద్దం మీద వధూవరుల పేర్లతో స్టిక్కరు. దాని వెనక ఇంకోటి, ఇంకోటి. మండపంలోకి పరిగెత్తాను. మేనేజరు ఫోను చెవి దగ్గర నుంచి తియ్యకుండానే, "ముహూర్తం టైమండి. ఎవరిదని అడగమంటారు? అరగంటలో ఖాళీ అయిపోద్ది, కూర్చోండి, టిఫిన్ చెయ్యండి" అన్నాడు.

కారు కదిలేసరికి స్లాటు పోయింది. మరునాడు గానీ మంచం దొరకలేదు. ఈలోగా ఆయన కాళ్ళు వాచిపోయాయి. "పడుకుంటే నీళ్ళలో మునుగుతున్నట్టుందే" అంటూ కుర్చీలోనే కూర్చున్నారు. పక్కన నేనూ కూర్చున్నాను. మేళం సౌండు మా కిటికీ తలుపుల్ని అదరగొడుతోంది.

మున్సిపాలిటీ ఆఫీసుకి వెళ్ళాను. అక్కడి ఆఫీసరు మర్యాదస్తుడే. కుర్చీ వేయించాడు. "రోడ్డు మాదేనండి టీచరు గారూ. కానీ దాని మీద ఆగిన బండ్లు పోలీసులవి. మేము ముట్టుకోకూడదు" అన్నాడు.

స్టేషన్‌కి వెళ్ళాను. ఎస్సై కుర్రవాడు. అంతా విని, "బండి తీయించడం మా పనేనండి, కాదనను. కానీ ఇక్కడ ఆపకూడదని ముందు మున్సిపాలిటీ తీర్మానం చెయ్యాలి, బోర్డు పెట్టాలి. బోర్డు లేనిచోట ఫైను వేస్తే రేపు నన్నే అడుగుతారు" అన్నాడు.

మళ్ళీ మున్సిపాలిటీకి వెళ్ళాను. "పోలీసులు రాతపూర్వకంగా అడిగితే తీర్మానానికి పెడతామండి" అన్నారు. ఇద్దరూ అబద్ధం చెప్పలేదు. ఇద్దరి మధ్యా మా గేటు ఉంది.

ఏళ్ళ తరబడి ఎనిమిదో తరగతి పిల్లల చేత పురపాలక సంఘం విధులు వల్లె వేయించాను. రోడ్లు, వీధిదీపాలు, ప్రజల భద్రత. అడగ్గానే చెప్పేవారు పిల్లలు. ఆ మెట్లు దిగి వస్తుంటే ఆ పాఠం నా నోటికే రాలేదు.

చివరికి పెయింటరుని పిలిచి 'డయాలసిస్ పేషెంటు ఉన్నారు, దయచేసి గేటుకి అడ్డు పెట్టవద్దు' అని రేకు మీద రాయించి, గేటు పక్కన ఇనుప గొట్టానికి బిగించాను. కొన్నాళ్ళు పనిచేసింది. చదివినవాళ్ళు నాలుగడుగులు వెనక్కి పెట్టుకునేవారు. ఒకనాడు మున్సిపాలిటీ మనుషులిద్దరు వచ్చి గడ్డపారతో గొట్టాన్ని పెకలిస్తున్నారు.

"ఏంటండీ ఇది?" అన్నాను.

"రోడ్డు మార్జిన్లో సొంత బోర్డులు పెట్టకూడదండి. కంప్లయింటు వచ్చింది."

"మరి మీ బోర్డు ఎప్పుడు పెడతారు?"

"అది మా సెక్షన్ కాదమ్మా."

రేకు మాత్రం నా చేతికిచ్చి, గొట్టం పట్టుకెళ్ళారు. మా ఆయన అరుగు మీద నుంచి చూస్తూ, "నా సర్వీసంతటిలో పట్టాలకి అడ్డంగా ఎవడూ బండి పెట్టలేదు" అన్నారు. నవ్వించడానికే అన్నారు. నాకు నవ్వు రాలేదు.

అప్పటినుంచి పంచాంగం చూడటం అలవాటైంది. అందరూ మంచిరోజుల కోసం చూస్తారు, నేను మా చెరసాల రోజుల కోసం చూసేదాన్ని. ముహూర్తమూ డయాలసిస్సూ ఒకే పొద్దున పడితే ముందురోజు సాయంత్రమే ఆయన్ని తీసుకుని ధవళేశ్వరం వెళ్ళి చెల్లెలింట్లో దిగిపోయేవాళ్ళం. మూఢం వచ్చి పెళ్ళిళ్ళు ఆగిపోతే సన్నాయివాళ్ళూ వంటవాళ్ళూ ఉసూరుమనేవారు. మేము గేటు బార్లా తెరుచుకుని అరుగు మీద కూర్చునేవాళ్ళం. కానీ నిశ్చితార్థాలకీ, ఓణీల ఫంక్షన్లకీ, పుట్టినరోజులకీ పంచాంగం ఏం చెబుతుంది? ఏ రోజున వీధి మూసుకుపోతుందో మాకు తెలిసేది కాదు. ఇంట్లో ఏ మూల ఉన్నా ఒక చెవి వీధిలోనే ఉండేది.

మాఘమాసంలో ఒక వారం ఆయనకి జ్వరం వచ్చి ధవళేశ్వరం ప్రయాణం కుదరలేదు. పొద్దున్నే పెళ్ళి. తెల్లారేసరికి వీధి నిండిపోయింది. కార్ల మధ్య సందుల్లో మోటారు సైకిళ్ళు. ఆటో రావడానికి కూడా చోటు లేదు. ఆయనకి ఆయాసం మొదలైంది. మాట మాటకీ మధ్య ఆగి గాలి పీల్చుకుంటున్నారు. అంబులెన్సుకి ఫోను చేశాను. వచ్చింది, మెయిన్ రోడ్డు మీద ట్రాఫిక్కులో ఇరుక్కుపోయి హారన్ కొడుతోంది. వినబడుతోంది గానీ కనబడటం లేదు.

మండపం వెనక గుమ్మంలోంచి లోపలికి వెళ్ళిపోయాను. మేనేజరు అడ్డొచ్చాడు. ఆగలేదు. పెళ్ళిపీటల దగ్గర అడ్డుతెర పట్టుకుని ఉన్నారు. సన్నాయి మోగుతోంది. ముందు వరసలో పట్టుపంచె కట్టుకున్న పెద్దమనిషి లేచి నిలబడ్డారు. ఆయనే పెళ్ళికూతురి తండ్రి, కోనసీమ రైతు అని తర్వాత తెలిసింది.

"ఏంటమ్మా? ఏం కావాలి?"

చెప్పాను. ఎలా చెప్పానో తెలియదు.

ఆయన నన్ను రెండో మాట అడగలేదు. పక్కనున్నవాళ్ళతో, "ఒరేయ్, కార్లు తీయించడానికి టైము లేదు. కుర్చీలో కూర్చోబెట్టి ఇలా హాల్లోంచి తెచ్చేద్దాం, పదండి" అన్నారు.

ఒక పెద్దావిడ ఆయన చెయ్యి పట్టుకుంది. "ముహూర్తం వేళ రోగిష్టి మనిషి ఎదురొస్తే ఎలా నాన్నా..."

"నా కూతురు పెళ్ళి ఒకళ్ళ ప్రాణం మీదికి తెచ్చి చేస్తానా పిన్నీ? నువ్వు కూర్చో."

మా ఇంట్లో మా ఆయన కూడా ఆ పెద్దావిడ మాటే అన్నారు. లుంగీ, నలిగిన చొక్కా, మెడలో తువ్వాలు. పెళ్ళివారు ప్లాస్టిక్ కుర్చీ తీసుకుని వచ్చేసరికి గోడ పట్టుకుని, "వద్దే... శుభకార్యం జరుగుతోంది... నన్ను అటు తీసుకెళ్ళొద్దు" అన్నారు. ఆయన వేళ్ళని ఒక్కొక్కటే గోడ మీద నుంచి నేనే విడదీశాను.

నలుగురు ఎత్తారు. కుర్చీ కాలు ఒకటి పట్టింది పెళ్ళికూతురి తండ్రే. వెనక గుమ్మంలోంచి, బంతిపూల దండల కింద నుంచి, వరసల మధ్య దారిలో. జనం లేచి కుర్చీలు వెనక్కి లాక్కున్నారు. సన్నాయి ఆగిపోయింది. మా ఆయన కళ్ళు గట్టిగా మూసుకున్నారు. అడ్డుతెర పక్క నుంచి పెళ్ళికూతురు తల తిప్పి చూసింది. జీలకర్ర బెల్లం పట్టుకున్న చెయ్యి అలాగే ఉంది. ఎవరో చప్పట్లు కొట్టబోయి మానేశారు.

అంబులెన్సు ఎక్కించాక వెనక సన్నాయి మళ్ళీ మొదలైంది.

ఆయన బతికారు. అయితే చాలా రోజులు నాతో సరిగా మాట్లాడలేదు. ఒకసారి అడిగితే, "అందరూ చూశారు కదే" అన్నారు, అంతే.

పదహారురోజుల పండగ అయ్యాక ఆ రైతు కూతుర్నీ అల్లుణ్ణీ వెంటబెట్టుకుని మా ఇంటికి వచ్చారు. ఆ అమ్మాయి మా ఆయన కాళ్ళకి దణ్ణం పెట్టింది. ఆయన కంగారుపడి కాళ్ళు వెనక్కి లాక్కున్నారు.

"మీరు ఎదురొచ్చారనే మా పెళ్ళి అందరికీ గుర్తుండిపోయిందండి" అంది.

మా ఆయన నవ్వారు. ఎన్నాళ్ళకో.

వెళ్తూ వెళ్తూ ఆ రైతు, "మండపం కింద సెల్లారు ఉంది కదా, దానికి పార్కింగుకని పర్మిషన్ తీసుకుని, అందులో భోజనాలు పెడుతున్నారండి. మా బంతులూ అక్కడే లేచాయి. అద్దె కట్టినవాణ్ణి నేను చెబితే వింటారేమో, చూద్దాం" అన్నారు. నాతోపాటు మున్సిపాలిటీకి వచ్చారు. పెళ్ళిలో ఉన్న వందల మంది ఆ సంగతి అప్పటికే ఊరంతా చెప్పేసినట్టున్నారు. ఈసారి కమిషనరు స్వయంగా వచ్చి చూశారు. సెల్లారు ఖాళీ చేయించారు. తీర్మానం అయింది. మా గేటు పక్కన అసలైన నో పార్కింగ్ బోర్డు వెలిసింది.

అక్కడితో అయిపోయిందనుకున్నాను. తర్వాతి ముహూర్తానికి గేటు తీస్తే ముందు ఒక్క బండీ లేదు. కారు బయటికి తీశాను. గేటు దాటగానే మళ్ళీ ఆగిపోయాను. బోర్డు దాటాక వీధికి రెండు పక్కలా కార్లే. పెళ్ళిరోజుల్లో డ్యూటీ మీద టిఫిన్ల వేళ దాకా ఉండే కానిస్టేబులు నా దగ్గరికి వచ్చి, "నో పార్కింగు మీ గేటు వరకేనండి. వీధి మొత్తానికి ఆర్డరు లేదు" అన్నాడు. సెల్లార్లో మళ్ళీ విస్తళ్ళు వేస్తున్నారు.

ఇప్పుడు మా కారు మెయిన్ రోడ్డు మీద తెలిసినవాళ్ళ రైసుమిల్లు ఆవరణలో ఉంటుంది. కారు బయట, మేం లోపల. అక్కడిదాకా ఆయన్ని చక్రాల కుర్చీలో తోసుకెళ్తాను. పెళ్ళిరోజుల్లో మండపం వాచ్‌మన్ వెనక గుమ్మం తీసి పట్టుకుని, "ఇలా వచ్చేయండి బాబుగారూ, చల్లగా ఉంటుంది" అని పిలుస్తాడు. మంచివాడు. ఆయన తల అడ్డంగా ఊపుతారు.

"రోడ్డు మీదే పద" అంటారు నాతో.

కుర్చీ పట్టనిచోట ఆగుతాం. ఆయన వంగి, అడ్డొచ్చిన మోటారు సైకిళ్ళ అద్దాల్ని ఒక్కొక్కటే లోపలికి మడుస్తారు. నేను తోస్తాను.