బీరువాలో దాచిన సముద్రం

2023లో నేను నాంపల్లి స్టేషన్ దగ్గర ఒక డీ-అడిక్షన్ సెంటర్‌లో నర్సుని. మత్తు అనగానే అందరికీ సారా, గంజాయి గుర్తొస్తాయి. మా దగ్గరికి ఎక్కువగా వచ్చేది నొప్పి మాత్రలు మానలేనివాళ్ళు. ఓపియాయిడ్, అంటే నల్లమందు జాతి మందులవి. నొప్పి తగ్గినా అవి లేకుండా ఉండలేరు.

యాదగిరి అలా వచ్చినవాడే. చాదర్‌ఘాట్‌లో ఉంటాడు, టైల్స్ పరిచే మేస్త్రీ. నడుం నొప్పికి మొదలుపెట్టిన మాత్రలు ఇల్లు గుల్ల చేశాయి. చేర్పించిన రోజు భార్య లక్ష్మి నా ముందే చెప్పింది: "గీసారి నడిమిట్ల బయటికొస్తే ఇంటికి రాకు."

ఆ నెలలోనే ఒక దాత వీఆర్ హెడ్‌సెట్ ఇచ్చాడు. కళ్ళకు గంతల్లా కట్టుకుంటే చుట్టూ సముద్రం కనిపిస్తుంది, అలల చప్పుడు వినిపిస్తుంది. అది మందుకు బదులు కాదు. క్రేవింగ్, అంటే మాత్ర కోసం ప్రాణం కొట్టుకులాడే ఆ కాసేపు, మనసును పట్టి ఉంచడానికి. యాదగిరికి ఆ క్రేవింగ్ సాయంత్రం, ఇదివరకు పని దిగి మెడికల్ షాపుకి పోయే వేళకే వచ్చేది. మొదటిసారి హెడ్‌సెట్ పెట్టి తీశాక, "సిస్టర్, జరసేపు గోలీ యాదికి రాలే" అన్నాడు. నాకు ఎంత సంతోషమైందో.

మర్నాడు అది బీరువాలోకి పోయింది. మా మేనేజరు దానికి టీవీ రిమోట్‌కి తొడిగినట్టు ప్లాస్టిక్ కవరు తొడిగి, తాళంచెవి జేబులో వేసుకుని ఐదింటికల్లా ఇంటికి వెళ్ళిపోయేవాడు.

"ఖరీదైన వస్తువు సిస్టర్. వీళ్ళ చేతికిస్తే రేపు ఆబిడ్స్ ఫుట్‌పాత్ మీద అమ్ముతరు. పెద్దోళ్ళెవరన్న వస్తే తీద్దాం" అన్నాడు.

నాకు ఒళ్ళు మండింది. చుట్టాలొస్తేనే దింపే పింగాణీ కప్పా అది? పక్కన నేనుంటాను, తాళంచెవి నాకివ్వండన్నాను. రూల్ లేదన్నాడు. ఏ రూలో చెప్పమంటే ఫోన్ చూసుకున్నాడు.

రెండు రోజుల తర్వాత సాయంత్రం యాదగిరికి చెమటలు పట్టాయి. "సిస్టర్, ఆ సముద్రం పెట్టున్రి. లేకుంటే గీడ ఉండలేను." మేనేజరుకి ఫోన్ చేశాను. పెళ్ళిలో ఉన్నాడట, రేపు చూద్దామన్నాడు. క్రేవింగ్ రేపటిదాకా ఆగుతుందా? డాక్టరు చెప్పిన మందు ఇచ్చి, చెయ్యి పట్టుకుని కూర్చున్నాను. పక్క వార్డులో ఒకరు వాంతులు చేసుకుంటుంటే వెళ్ళాను. తిరిగొచ్చేసరికి మంచం ఖాళీ.

కొన్నాళ్ళు మానిన ఒంటికి పాత మోతాదు ప్రాణం తీయగలదు. లక్ష్మికి ఫోన్ చేసి, రాత్రంతా ఎదురుచూశాం. పొద్దున లక్ష్మి, మళ్ళీ మాత్రలు మింగిన అతన్ని తెచ్చి గేటు దగ్గర వదిలింది. లోపలికి రాలేదు.

మధ్యాహ్నం దాత చూడటానికి వచ్చాడు. బీరువా తెరుచుకుంది. మేనేజరు నవ్వుతూ కవరు తీసి, ఫోటో కోసం యాదగిరి తలకు హెడ్‌సెట్ తొడగబోయాడు. యాదగిరి చేత్తో ఆపాడు.

"నిన్న అడిగిన సార్. నిన్న ఇయ్యలే."

దాత నా వైపు చూశాడు. దాచకుండా అంతా చెప్పాను. అప్పటి నుంచి తాళంచెవి వార్డులో నా టేబుల్ మీదే ఉంది. హెడ్‌సెట్‌ను ఎవరూ ఎత్తుకుపోలేదు. యాదగిరి మాత్రం మళ్ళీ మొదటి రోజు నుంచి మొదలుపెట్టాడు. లక్ష్మి గేటు దాటి లోపలికి రావడానికి నెల పట్టింది. ఆ నెల మేనేజరు ఎప్పటిలాగే జీతం తీసుకున్నాడు.

ఇప్పుడు కొత్త పరికరం ఏదొచ్చినా అందరూ దాని గొప్పలు వింటారు. నేను మాత్రం తాళంచెవి ఎవరి దగ్గరుంటుందో అడుగుతాను.