పేరు లేని పొట్లాలు

బేకరీలో అందరూ అతన్ని బన్ను బావ అనేవారు. ఆ పేరు పెట్టింది అతని మరదలు. పెళ్ళైన కొత్తలో ఆ పిల్ల అక్కని చూడ్డానికి ఎప్పుడొచ్చినా బావ చేతిలో వేడి బన్నుల సంచీ ఉండేది. ఆ పిలుపు యజమాని చెవిన పడింది. ఆ తర్వాత అసలు పేరుతో ఎవరికీ పని పడలేదు. పద్దెనిమిదేళ్ళుగా అతని చోటు పిండి బల్ల దగ్గరే. మిషను కలిపిన ముద్దను చేత్తో మళ్ళీ పిసికి, వేళ్ళ మధ్య పొరలా సాగదీసి చూసి, ఇంకాసిన్ని నీళ్ళు కావాలో వద్దో చెప్పేవాడు. అతని మాట తప్పేది కాదు.

మొదటి మచ్చ కుడి మోచేతి మీద వచ్చింది, చొక్కా గుండీ అంత. ఎర్రగా ఉండి, పైన వెండి రంగు పొట్టు. బల్ల అంచు ఒరుసుకుని కాయ కాచిందనుకున్నాడు. ఆర్నెల్లకి ఎడమ మోచేయి, తర్వాత చెవుల వెనక, తలలో. గోకితే పొట్టు రాలేది, ఇంకా గోకితే సూదిమొనలంత రక్తపు చుక్కలు. అతను నిండు చేతుల చొక్కా వేసుకుని, మణికట్ల దగ్గర బొత్తాలు పెట్టుకుని పని చేయడం మొదలుపెట్టాడు. ఓవెన్ వేడికి చొక్కా తడిసి ఒంటిని రాసుకునేది. రాసుకున్న చోటల్లా కొత్త మచ్చ లేచేది.

ఇంట్లో మాత్రం దాచలేకపోయాడు. పొద్దున్నే భార్య దుప్పటి దులిపితే కిటికీ వెలుగులో పొట్టు ఎగిరేది. ఆవిడ ఊడ్చేది, ఎత్తేది, మళ్ళీ ఊడ్చేది. తిట్టినా బాగుండేదని అతనికి అనిపించేది.

ఒకరోజు చేతులు కడుక్కుంటూ చొక్కా పైకి మడిచాడు. వెనకే యజమాని నిలబడి ఉన్నాడు.

"ఏంటి బావా అది?"

"ఏం లేదండీ, వేడికి పేలింది."

యజమాని ఒక అడుగు వెనక్కి వేశాడు. కసురుకోలేదు. "తప్పుగా అనుకోకు. తగ్గేదాకా గోడౌన్ చూసుకో. జనం చూస్తే అంటుకుంటుందేమో అనుకుంటారు" అన్నాడు. మర్నాటి నుంచి అతను మైదా బస్తాల మధ్య కూర్చున్నాడు. టీ గ్లాసు కూడా అతనిది విడిగా పెట్టారు. ఎవరు పెట్టారో అతను అడగలేదు.

డాక్టరు దగ్గరికి వెళ్ళడానికి అతనికి కాళ్ళాడలేదు. డాక్టరు ఏం పేరు చెబుతాడో, ఆ పేరు వింటే ఇంట్లోవాళ్ళు కూడా దూరం జరుగుతారేమోనని భయం. బస్తాలు దించే మనిషి, నాటుమందు ఇచ్చే ఒకాయన గురించి చెప్పాడు. లాడ్జిలో రెండో అంతస్తు, చివరి గది, బోర్డు లేదు. లోపల కర్టెన్లు వేసి ఉన్నాయి. గదిలో ఉన్నాయన మచ్చలను చూడనైనా చూడలేదు.

"రక్తం చెడింది. సమూలంగా లాగేస్తాను. రోజుకో పొట్లం. ఏం మందని మాత్రం అడక్కూడదు, ఎవరికీ చూపించకూడదు."

పొట్లంలో ఆకుపసరు వాసన వేసే బూడిదరంగు పొడి ఉంది. పన్నెండు రోజులకి మోచేతులు నున్నబడ్డాయి. నెల తిరిగేసరికి ఒంటి మీద ఒక్క మచ్చ లేదు. పిండి బల్ల దగ్గరికి తిరిగి వెళ్ళాడు, పొట్టి చేతుల చొక్కాతో. ఆకలి విపరీతంగా వేసేది. బుగ్గలు నిండాయి. చూసినవాళ్ళల్లా "కళొచ్చింది బావా నీకు" అన్నారు. భార్య ఎన్నాళ్ళకో నవ్వింది.

మరదలు మాత్రం నవ్వలేదు. ఆమె మందుల షాపులో కౌంటరు చూస్తుంది. ఒక సాయంత్రం వచ్చి, బావ ఎదురుగా కూర్చుని అతని మొహం వంకే చూసింది.

"ఏంటే, దిష్టి పెడతావా?"

"లావెక్కావా, ఉబ్బావా?"

"మీ అక్క వంట."

"ఇరవయ్యేళ్ళుగా అదే వంట తింటున్నావు కదా, మొహం ఇప్పుడే గుండ్రమైందా?" అంటూ అతని ముంజేయి పట్టుకుంది. అక్కడ నీలం మరకలు ఉన్నాయి. చర్మం ఉల్లిపొరలా పలచబడింది. "ఎక్కడ తగిలింది?"

"తగిలినట్టు గుర్తులేదు."

"ఆ పొట్లం ఒకటి ఇవ్వు బావా."

"ఎవరికైనా చూపిస్తే పని చేయదట."

"అలాంటి మందు మా షాపులో ఒక్కటీ లేదు." ఆమె గొంతు తగ్గించింది. "అందులో స్టెరాయిడ్ కలిపారని నా అనుమానం. అదే అయితే వాడుతూ పోయినా ప్రమాదమే, నీ అంతట నువ్వు ఒక్కసారిగా మానేసినా ప్రమాదమే. చర్మం డాక్టరు దగ్గరికి నేను తీసుకెళ్తాను. కొద్దికొద్దిగా తగ్గిస్తారు."

"బాగున్నవాణ్ణి డాక్టరు దగ్గరికి ఎందుకే?" అని కసిరాడు. ఆమె లేచి చెప్పులు వేసుకుంది. భార్య ఇద్దరినీ మార్చి మార్చి చూసింది.

ఎనిమిదో నెలలో ఒక రోజు వెళితే లాడ్జి గదికి తాళం ఉంది. కింద గుమాస్తా తల కూడా ఎత్తకుండా చెప్పాడు: "ఖాళీ చేసి పోయాడు. ఎక్కడికో తెలీదు. పొద్దుట్నుంచి నువ్వు ఐదోవాడివి."

ఇంట్లో మూడు పొట్లాలు మిగిలాయి. వాటిని సగం సగం చేసి ఆరు రోజులు లాగాడు. ఎవరికీ చెప్పలేదు. చెబితే మరదలి మాట నెగ్గినట్టవుతుంది.

మందు అయిపోయిన ఐదో రోజు, ఓవెన్ పక్కనే నిలబడిన మనిషికి చలి పుట్టింది. ముందు వేళ్ళు వణికాయి, తర్వాత దవడలు. ముద్ద చేతిలోంచి జారిపోయింది. మెడ మీంచి ఎరుపు కిందికి పాకుతోందని పక్కవాడు చెప్పాడు. ఇంటికొచ్చి చొక్కా విప్పితే భార్య నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. వీపంతా ఎర్రగా కాలిపోతోంది. ఆ ఎరుపు మీద రవ్వ చల్లినట్టు చీముపొక్కులు. ఆవిడ వేలు ఆనించేలోపే ఒకచోట చర్మం పొరగా ఊడొచ్చింది.

"ఏమండీ, ఏం తిన్నారు? ఏం మానేశారు? చెప్పండి!"

అప్పుడు చెప్పాడు. ఆవిడ చెల్లెలికి ఫోన్ చేసి, చెత్తబుట్ట బోర్లించి, మందు అంటుకున్న కాగితం ఒకటి వెతికి పట్టుకుంది.

ఆస్పత్రిలో డాక్టరమ్మ మొదటి ప్రశ్న కూడా అదే: "ఏ మందు మానేశారు?" మరదలు ఆ కాగితం బల్ల మీద పెట్టి, స్టెరాయిడ్ అని తన అనుమానం చెప్పింది. డాక్టరమ్మ దాన్ని చూసి, ఇంకేమీ అడక్కుండా నర్సును పిలిచింది. మూడు రోజులు జ్వరం దిగలేదు. ఒంట్లో వేడీ నీరూ చర్మంలోంచే పోతున్నాయని, గుండె దడ అందుకేనని నర్సులు గుసగుసగా మాట్లాడుకోవడం అతనికి వినిపించింది. భార్య గుమ్మం దగ్గర నిలబడి ఉండేది. లోపలికి వస్తే ఏడుస్తానని రాలేదట. ఆ సంగతి మరదలు తర్వాత చెప్పింది.

తేరుకున్నాక డాక్టరమ్మ మంచం పక్కన కూర్చుంది. "దీన్ని సోరియాసిస్ అంటారు. ఒకరి నుంచి ఒకరికి అంటుకోదు. మీ కంచంలో తిన్నా, మీ దుప్పటి కప్పుకున్నా రాదు. రక్తం చెడిందీ కాదు. ఒంట్లో కాపలా కాయాల్సిన శక్తి దారి తప్పి చర్మాన్ని తొందరపెడుతుంది. నెల పట్టాల్సిన పొర నాలుగైదు రోజుల్లో పైకొచ్చేస్తుంది. అదే ఆ పొట్టు."

"పూర్తిగా పోతుందా అమ్మా?"

"పోతుందని చెప్పిన మనిషి దగ్గరే కదా ఎనిమిది నెలలు తిరిగారు. నేను ఆ మాట చెప్పను. అదుపులో ఉంచుకోవచ్చు. మళ్ళీ లేస్తుంది, మళ్ళీ అణుస్తాం. నాకు చెప్పకుండా ఏదీ మొదలుపెట్టొద్దు, ఏదీ మానొద్దు."

పంతొమ్మిది రోజుల తర్వాత ఇంటికొచ్చాడు. స్నానం కాగానే తడి ఆరకముందే ఒళ్ళంతా లేపనం రాసుకోవాలి. సిగరెట్ మానాలి. మాత్ర వారానికి ఒక్కరోజే, చెప్పిన టైముకి రక్తపరీక్ష. "రోజూ వేసుకుంటే ప్రాణం మీదికొస్తుంది బావా" అని మరదలు నాలుగుసార్లు చెప్పింది. భార్య ఆ మాత్రల్ని తన బీరువాలో పెట్టి, ఆ ఒక్కరోజూ చేతిలో ఒకటి వేసేది.

యజమానికి డాక్టరు ఉత్తరం ఇచ్చాడు. ఆయన రెండుసార్లు చదివి, "నాకు తెలీదయ్యా" అన్నాడు. పిండి బల్ల తిరిగి ఇచ్చాడు. టీ గ్లాసు సంగతి ఎవరూ ఎత్తలేదు. ఆ రోజు బావే వెళ్ళి అందరి గ్లాసుల్లోంచి ఒకటి తీసుకున్నాడు. ఎవరూ అడ్డు చెప్పలేదు గానీ, ఒకడు తన గ్లాసు పక్కకి జరుపుకున్నాడు.

మచ్చలు పూర్తిగా పోలేదు. మోచేతుల మీద ఎర్రటి నీడలా ఉండిపోయాయి. కొన్ని వారాలు వాటిని మర్చిపోయేవాడు కూడా. ఏడాది తిరిగాక ఒక పొద్దున లేచేసరికి కుడిచేతి నడిమి వేలు వాచి బిగుసుకుపోయింది. మడవబోతే మడత పడలేదు. గోళ్ళ మీద సూదితో పొడిచినట్టు చిన్న గుంటలు. కీళ్ళు పట్టేస్తే ఆ రోజే రమ్మని డాక్టరమ్మ ముందే చెప్పింది. వేళ్ళు పోతే పిండి బల్ల పోయినట్టే.

కాసేపు ఆ చేతిని ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాడు. తర్వాత వంటగదిలోకి వెళ్ళి, భార్య ముందు చెయ్యి చాపాడు.

"చూడవే, వేలు వంగట్లేదు."

ఆవిడ స్టవ్ ఆర్పి, చీర మార్చుకోవడానికి లోపలికి వెళ్ళింది. అతను యజమానికి ఫోన్ చేసి, ఇవాళ రాలేనని, ఎందుకో కూడా చెప్పాడు.