తిల్ అంటే నువ్వులే అనుకున్నాను

ఈగ కాదు నాన్నా, అది మీ తాతయ్య పుట్టుమచ్చ. నువ్వు ఫోన్లో ఫొటో చూసి అడిగావు. మీ మావయ్యయితే అప్పట్లో గోడ దగ్గరికెళ్ళి చేత్తో తోలబోయాడు కూడా.

అప్పుడు మేం ఢిల్లీ పక్కనున్న వైశాలిలో ఉండేవాళ్ళం. తాతయ్య సైన్యంలోంచి రిటైరయ్యాక కంటోన్మెంటు క్వార్టరు ఖాళీ చేసి మావయ్య దగ్గరికి వచ్చేశాం. కాస్త స్థిమితపడ్డాం అనుకునేలోపే ఆయన పోయారు. ఆయన ఫొటో హాల్లో కూలరుకు ఎదురుగా తగిలించాం. ఢిల్లీ ఎండల్లో కూలరు ఆపేదెప్పుడు? ఆ తడిగాలికి ఫొటో అద్దానికి అతుక్కుపోయింది. రెండు బుగ్గలమీదా తెల్లగా బూజు మచ్చలు.

సంవత్సరికం దగ్గర పడుతోంది. ఆయన మొహం తేటగా ఉన్న ఫొటో అదొక్కటే. పటాలంతో దిగిన గ్రూపు ఫొటోలో ఒక్కో తల ఆవగింజంత. పెన్షను పుస్తకంలో ఫొటోకేమో సరిగ్గా మొహంమీదే ఆఫీసు ముద్ర. మావయ్యకి తీరిక లేదు, మీ అమ్మకి కాలేజీ. ఆ ఫ్రేమునే సంచిలో పెట్టుకుని కింద మార్కెట్లో ఉన్న స్టూడియోకి వెళ్ళాను.

అక్కడ కంప్యూటరు ముందు ఒక అమ్మాయి కూర్చుని ఉంది. నేను ఫ్రేము వెనక మేకులు పీకబోతే “నహీ నహీ ఆంటీ!” అని చెయ్యి పట్టుకుంది. బలవంతంగా ఊడదీస్తే మొహం అద్దంతోపాటే వచ్చేస్తుందట. అద్దంతో సహా స్కాన్ చేసి తెరమీద పెట్టింది. మీ తాతయ్య కన్ను పళ్ళెమంత అయింది. పక్కనున్న మంచి చర్మం కాస్త తీసి బూజుమీద అతికిస్తూ పోయింది, చిరిగిన చీరకి మాసిక వేసినట్టు. చూస్తూ కూర్చున్నాను.

“ఆంటీ, తిల్ రఖ్నా హై?” అంది, తెరమీంచి కళ్ళు తిప్పకుండా.

ఏడాదిగా ప్రతి మాసికానికీ కొట్లో “భయ్యా, కాలా తిల్ దేనా” అని నల్ల నువ్వులు కొంటున్నదాన్ని. తిల్ అంటే నాకు తెలిసింది అదే. దండ వేసే ఫొటో కదా, తర్పణాలు విడిచారా అని అడుగుతోంది కాబోలు, ఎంత మంచి పిల్లో అనుకున్నాను.

“తిల్ హో గయా బేటీ. బేటా సబ్ కర్ దియా” అన్నాను, అయిపోయాయి, అబ్బాయి అన్నీ చేశాడని.

“అచ్ఛా, ఠీక్ హై” అని టక్కున ఒక నొక్కు నొక్కింది.

వచ్చేముందు, ఫ్రేమూ అద్దమూ మాత్రం పాతవే ఉంచమన్నాను. ఆ చెక్క ఫ్రేము ఆయన ముచ్చటపడి కొనుక్కున్నది.

కొత్త ఫొటో ఇంటికొచ్చింది. మావయ్య “సూపర్ అమ్మా!” అన్నాడు. మీ అమ్మ “నాన్న పెళ్ళికొడుకులా ఉన్నారు” అంది. నాకు మాత్రం ఎవరింటి పెళ్ళికొడుకో అనిపించింది. నిలబడి చూడగా చూడగా తట్టింది.

“మచ్చ ఏదే?”

మీ అమ్మని వెంటబెట్టుకుని మళ్ళీ వెళ్ళాను. “తిల్ హో గయా అని ఆంటీయే చెప్పారుగా!” అంది ఆ పిల్ల హిందీలో. మీ అమ్మ నోటికి చున్నీ అడ్డం పెట్టుకుంది. “అమ్మా, పుట్టుమచ్చనీ తిల్ అనే అంటారే! అది ఉంచాలా అని అడిగిందట” అంది. అక్కణ్ణించే ఫోన్లో చెబితే మావయ్య వేళాకోళం: “నాన్నకి తిలోదకాలు నేనిస్తే, మచ్చకి నువ్విచ్చావన్నమాట.”

అందరితోపాటు నేనూ నవ్వాను. పాత ఫొటో అడిగేదాకానే ఆ నవ్వు. అద్దం అదే ఉంచమన్నానుగా, దానికి అంటుకున్నదంతా బ్లేడుతో గీకేశారు. కంప్యూటర్లోనూ పాతదానిమీదే కొత్తది సేవ్ చేసేశారు.

“పెట్టేస్తాను ఆంటీ, ఎంతసేపు?” అంది ఆ పిల్ల. “లెఫ్టా, రైటా?”

మీ అమ్మ కుడి అంది. మావయ్యకి మళ్ళీ ఫోను చేస్తే ఎడమ అన్నాడు. “మీ కుడా, ఆయన కుడా?” అంది ఆ పిల్ల. బూజు తీసిన మనిషివి, నీకైనా గుర్తులేదా అన్నాను. “రోజూ ఎన్ని మొహాలో ఆంటీ” అంది, పాపం.

నాకు ఆ మచ్చ గుర్తున్నది అద్దంలోనే. పొద్దున్నే ఆయన గడ్డం గీసుకుంటుంటే టీ గ్లాసు పట్టుకుని వెనక నిలబడేదాన్ని. మచ్చ దగ్గరికి రాగానే లోపల్నించి నాలుకతో బుగ్గ ఉబ్బించి, దాని చుట్టూ మెల్లగా గీసుకునేవారు. అద్దంలోది ఇటో, మనిషిది అటో. ఆలోచించినకొద్దీ రెండూ కలిసిపోయాయి.

ఆ పిల్ల చుక్కని ఒక బుగ్గమీద పెట్టింది, తీసింది, రెండోదానిమీద పెట్టింది. పెట్టిన ప్రతిసారీ ఒక్క క్షణం ఆయనే అనిపించేది. అంతలోనే ఎవరికో చుక్క అంటించినట్టుండేది. వెనక పాస్‌పోర్టు ఫొటోలకొచ్చినవాళ్ళు గొణుక్కుంటున్నారు. నాకు నడుం లాగేస్తోంది.

“రహనే దో బేటీ” అన్నాను, ఇక వదిలెయ్యమని. అప్పుడెక్కడుందో అక్కడే ఉండిపోయింది. నువ్వు ఈగనుకున్నది దాన్నే.

తర్వాత కనపడ్డవాళ్ళందర్నీ అడిగాను. ఆయన అక్కగారైతే “వాడికి మచ్చెక్కడిదే?” అంది. ఇక అడగడానికి ఓపికా లేదు, అడిగితే చెప్పేవాళ్ళూ లేరు. ఇప్పటికీ తల దువ్వుకుంటూ అద్దంలో చూసుకున్నప్పుడు, నాలుకతో ఈ బుగ్గ ఒకసారి, ఆ బుగ్గ ఒకసారి ఉబ్బించి చూసుకుంటాను.

ఇంతకీ ఆయన ఉబ్బించే బుగ్గ ఏదంటావు నాన్నా?