పెన్సిలమ్మ చదివిన పేజీ

మా పిన్నికి ఊళ్ళోవాళ్ళు పెట్టిన పేరు పెన్సిలమ్మ. ముడిలో ఎప్పుడూ ఒక పెన్సిల్ గుచ్చుకుని తిరుగుతుంది, అందుకని. పురపాలక కార్యాలయంలో ముప్పై ఒక్క ఏళ్ళు స్టెనోగా పనిచేసింది. కౌన్సిల్ హాల్లో అధ్యక్షుడి కుర్చీకి ఎడమ పక్క, ఒక మెట్టు కింద, చిన్న బల్ల ఉంటుంది. అదే ఆవిడ చోటు. సభ్యులు ఏం మాట్లాడితే అది షార్ట్‌హ్యాండులో రాసుకోవాలి. తాను మాత్రం మాట్లాడకూడదు. "చదివి వినిపించండి" అని అధ్యక్షుడు చెబితే తప్ప స్టెనో నోరు తెరవడానికి వీల్లేదని రూల్సు పుస్తకంలోనే ఉంది. దగ్గొస్తే వరండాలోకి వెళ్ళి దగ్గి రావాలి. ఇంట్లో రెండు నిమిషాలు నోరు మూయలేని మనిషి అక్కడ అన్నేళ్ళు ఎలా కూర్చుందో మా బాబాయికి ఇప్పటికీ అంతుపట్టదు.

షార్ట్‌హ్యాండ్ నేర్చుకోమని పిన్ని నా చెవిలో ఇల్లు కట్టుకుని పోరింది.

"ఈ కోడిగీతలు ఇప్పుడెవరికి కావాలి పిన్నీ? ఫోనులో రికార్డు చేసుకుంటే పోలా?" అన్నాను.

"ముందు నేర్చుకో. తర్వాత తీరిగ్గా తిట్టుకుందువుగాని."

రెండూ చేశాను. రెండేళ్ళపాటు నా ఆదివారాలన్నీ వాళ్ళ వంటింట్లోనే తెల్లారాయి. ఆవిడ కూరగాయలు తరుగుతూ డిక్టేషన్ చెప్పేది, నేను మూతి ముడుచుకుని రాసేదాన్ని. ఒక గీత లావుగా పడాల్సిన చోట సన్నగా పడితే పేజీ అంతా మళ్ళీ రాయించేది. రాక్షసి అనుకునేదాన్ని.

ఆఫీసులో స్టెనో గదిలో ఒక ఇనుప బీరువా ఉంది. అందులో పిన్ని రాసిన పుస్తకాలు, ఆవిడకు పని నేర్పిన పెద్దావిడ రాసిన పుస్తకాలు, అన్నీ కలిపి అరవై ఏళ్ళవి ఉన్నాయి. టైపు చేసి దాచే మినిట్స్ వేరు. వాటిలో ఎప్పుడూ ఒకటే పాట: "సభ్యులు చర్చించి ఏకగ్రీవంగా ఆమోదించారు." ఎవరు అడిగారో, ఎవరు అడ్డం పడ్డారో, ఎవరు బల్ల గుద్దారో ఆ బీరువాకే తెలుసు. ఆ గీతలు చదవగలిగినది ఆఫీసు మొత్తంలో పిన్ని ఒక్కతే. ఆవిడ ఆ నెలాఖరుకి రిటైరవుతోంది.

"చదివేవాళ్ళు లేని పుస్తకాలు దాచి ఏం చేసుకుంటామమ్మా? జాగా దండగ. పాతకాగితాలవాడికి వేసేద్దాం" అన్నాడు సూపరింటెండెంటు.

ఆ రోజు ఇంటికొచ్చి పిన్ని భోజనం చెయ్యలేదు. మర్నాడు పొద్దున్నే కౌన్సిల్ సభ్యురాలైన టీచరమ్మ ఇంటికి వెళ్ళింది. వారం తిరక్కుండా కౌన్సిల్ ముందుకు ఒక తీర్మానం వచ్చింది. ఊరి స్త్రీల చరిత్రను గౌరవించడానికి ఏటా ఒక రోజును అధికారికంగా జరపాలి. ఆ రోజున వాళ్ళు చేసిన పనులు ఈ హాల్లో అందరికీ చదివి వినిపించాలి. అందుకోసం స్టెనో పుస్తకాలను భద్రపరచి మామూలు లిపిలోకి ఎత్తి రాయించాలి. తీర్మానం నెగ్గితే బీరువా బతుకుతుంది. లేకపోతే తూకానికి పోతుంది.

అది పిన్నికి ఆఖరి సమావేశం. చూడ్డానికి నేనూ వెళ్ళి సందర్శకుల బెంచీలో కూర్చున్నాను. టీచరమ్మ తీర్మానం చదివి ముగించిందో లేదో, ఆరు ఉంగరాల చెయ్యి ఊపుతూ ఒక పెద్ద సభ్యుడు లేచాడు. ఆయన లేచాడంటే తీర్మానం సగం చచ్చినట్టే. ఆయన వెనక ఎప్పుడూ ఏడెనిమిది చేతులుంటాయి.

"ఊరి చరిత్రలో ఆడవాళ్ళు చేసిందేముందండీ? రికార్డులో ఒక్క పేజీ చూపించండి, మొదటి చెయ్యి నేనే ఎత్తుతా" అన్నాడు. కొందరు నవ్వారు. పిన్ని తల ఎత్తలేదు. ఆ మాటలూ, ఆ నవ్వూ రాసుకుంటోంది. నాకు ఒళ్ళు మండిపోయింది.

"చూపిస్తాం. ప్రసూతి ఆసుపత్రి తీర్మానం జరిగిన రోజు స్టెనో పుస్తకం చదివించండి. మినిట్స్ మీద సందేహం వస్తే ఆ పుస్తకం చూడొచ్చని రూల్సులోనే ఉంది" అంది టీచరమ్మ.

అధ్యక్షుడు రూల్సు పుస్తకం తిరగేసి, కళ్ళజోడు సవరించుకుని, "చదివి వినిపించండి" అన్నాడు.

పిన్ని లేచి నిలబడింది. ఆ ఆసుపత్రి గోడమీద రాయిలో అప్పటి అధ్యక్షుడి పేరుంది. మినిట్స్‌లోనూ "అధ్యక్షులవారి ఆలోచన మేరకు" అనే ఉంది. పిన్ని చేతిలో ఉన్నది ఆవిడకు పని నేర్పిన పెద్దావిడ నలభై ఎనిమిదేళ్ళ కిందట రాసిన పుస్తకం. ఆగస్టు పదకొండు నాటి పేజీ. ఆ రోజు హాల్లోకి వచ్చిన ఒక మంత్రసాని మాటలు చదివింది.

"నాకు చదువు రాదు బాబూ. పురుళ్ళు పోస్తాను. ఈ వానల్లో నలుగురు తల్లులు నా చేతుల్లోనే పోయారు. ఇక్కడ కూర్చున్నవాళ్ళలో సగం మందికి బొడ్డు కోసింది నేనే. ఇన్నేళ్ళలో మిమ్మల్ని ఏమీ అడగలేదు, ఇవాళ అడుగుతున్నా. ఒక గది, ఎనిమిది మంచాలు, ఒక నీళ్ళ కుళాయి. ఇస్తామనేదాకా మేం పదమూడు మందిమీ ఇక్కణ్ణుంచి కదలం."

పిన్ని పేజీ తిప్పింది. "అధ్యక్షులు కూర్చోమన్నారు. ఆమె కూర్చోలేదు. రెండోసారి కూర్చోమన్నారు. కూర్చోలేదు. మూడోసారి అధ్యక్షులు మంచాలు ఎనిమిది చాలునా అని అడిగారు." ఆ తర్వాత పదమూడు మంది పేర్లూ ఒక్కొక్కటిగా చదివింది. నాకు ఏడుపొచ్చింది, చెప్పుకోవడానికి సిగ్గేం లేదు.

ఉంగరాలాయన మాత్రం తగ్గలేదు. "బానే ఉంది. కానీ ఆ గీతల్లో ఇదే ఉందని ఏమిటి నమ్మకం? ఆవిడ తప్ప చదివేవాళ్ళే లేరాయె. ఏదైనా కల్పించి చదవొచ్చు."

ముప్పై ఒక్క ఏళ్ళు ఒక్క మాట అటూ ఇటూ చెయ్యని మనిషిని పట్టుకుని అనే మాటేనా అది! నేను బెంచీలోంచి లేచిపోయాను. "నేనూ చదవగలనండీ" అన్నాను.

"నువ్వెవరమ్మా?"

"ఆవిడ అక్క కూతుర్ని."

"ఇంకేం, ఇంట్లో కూడబలుక్కుని వచ్చుంటారు! సరే, ఒక పని చెయ్యండి. నేను కొత్తగా సభ్యుణ్ణయిన ఏడాది పుస్తకం తెండి. వీధికుక్కల మీద మాట్లాడాను. ఏమన్నానో నాకు తెలుసు. ఈ అమ్మాయినే చదవమనండి."

అధ్యక్షుడు ఒప్పుకున్నాడు. పుస్తకం వచ్చింది. ఆ పుస్తకం నేను కళ్ళతో కూడా చూసి ఎరగను. లావు గీత, సన్న గీత, చుక్క, వంపు. ఒక నిమిషం ఏమీ అందలేదు. పిన్ని నా వైపు చూడకుండా పెన్సిల్ పట్టుకుని కూర్చుంది, నేనేం చెబితే అది రాసుకోవడానికి. తర్వాత గీతలు మాటలవడం మొదలుపెట్టాయి.

"అధ్యక్షా, నిన్న సాయంత్రం మా వీధి కుక్క నన్ను తరిమింది. నేను గోడెక్కాను. ఎక్కేటప్పుడు ఒక చెప్పు కింద పడింది. దాన్ని అది ఎత్తుకుపోయింది. అధ్యక్షా, అది కొత్త చెప్పు."

హాలు గొల్లుమంది. అధ్యక్షుడు రూల్సు పుస్తకం ముఖానికి అడ్డం పెట్టుకున్నాడు. ఉంగరాలాయన కాసేపు పైకప్పు వంక చూశాడు.

"కొత్తదే" అన్నాడు చివరికి. "వారం కూడా కాలేదు కొని."

ఓటింగు పెట్టారు. అన్న మాట తప్పలేదు మహానుభావుడు. మొదట లేచింది ఆరు ఉంగరాల చెయ్యే. ఆ వెనక మిగిలినవన్నీ లేచాయి. దించి ఉన్న చెయ్యి ఒక్కటీ లేదు. ఏటా ఆగస్టు పదకొండు ఊరి స్త్రీల చరిత్ర దినమని అధ్యక్షుడు ప్రకటించాడు. టీచరమ్మ చప్పట్లు కొడితే బెంచీలు కొట్టాయి, వరండాలో ఉన్న అటెండర్లు కూడా కొట్టారు. సూపరింటెండెంటు వచ్చి బీరువా తాళంచెవి పిన్ని బల్లమీద పెట్టి, "ఎత్తి రాసే పని మీ అమ్మాయి చేస్తుందా అమ్మా?" అని అడిగాడు. పిన్ని నా వైపు చూసింది. ఆ చూపు చాలు నాకు. రాక్షసి అన్న మాట వెనక్కి తీసుకుంటున్నాను.

హాలు ఖాళీ అవుతుండగా ఉంగరాలాయన ఆ చిన్న బల్ల దగ్గరికి వచ్చాడు.

"ఇందాక మొదట్లో నేనో మాటన్నాను, ఆడవాళ్ళు చేసిందేముందని. అది కూడా రాశావా?"

"రాశానండీ. అక్షరం పొల్లుపోలేదు."

"కొట్టెయ్యకూడదూ?"

"కొట్టెయ్యడం మాకు నేర్పలేదండీ. మొదటి చెయ్యి మీరే ఎత్తారని కూడా దాని కిందే రాశాను. ఈ దినం ఎలా పుట్టిందో చెప్పేటప్పుడు రెండూ ఏటా చదువుతారు."

ఆయన గుమ్మందాకా వెళ్ళి ఆగాడు.

"ఆ రెండోది కాస్త గట్టిగా చదవమను" అన్నాడు.