నేను తోలించిన చెరువు మట్టి

వర్ధన్నపేట దగ్గర మాకున్నది రెండెకరాల ఎర్రచెలక. గాలికి లేచిపోయే దుబ్బ నేల. నేను వరంగల్ కాశిబుగ్గలో మగ్గాల మధ్య పుట్టినదాన్ని, నూలు తెలుసుగానీ నేల తెలియదు. అయినా చెరువు పూడిక తీస్తున్నారని వినగానే ఇంట్లో పోరు పెట్టింది నేనే. ఊళ్ళో అందరూ ఆ నల్లమట్టిని చెలకల్లో పలచగా పరిచి, ఎర్రమట్టిలో కలిపి దున్నుకున్నారు. నేను జానెడు మందం పోయించాను. మంచి మట్టి కదా, ఎంత పోస్తే అంత మంచిదనుకున్నాను.

"చెలకకు ఊపిరాడది బిడ్డా, ఇగ ఆపు," అని అత్త మొత్తుకుంది. నేను వింటేగా!

ఆ ఏడాది నెల రోజుల వాన రెండు రోజుల్లో కురిసింది. పాత చెలకైతే తాగేసేది. నల్లమట్టి చుక్క దిగనివ్వలేదు. నీళ్ళు నిలిచి పత్తి కుళ్ళింది. ఆ తర్వాత చినుకే లేదు. నేల నెర్రెలిచ్చి, నా చెయ్యి మణికట్టు దాకా దూరింది. కొరివితో తల గోక్కోవడమంటే ఇదే.

మా ఆయన ఒక్క మాట తిట్టలేదు. తిట్టినా బాగుండేది. ఇటుక బట్టీ వాళ్ళను తీసుకొచ్చి చేను చూపించాడు.

"మట్టి తవ్వుకపోతరట. మనం కాశిబుగ్గకు పోదాం. నువ్వు కోరేది గదేనాయె," అన్నాడు.

నిజమే. పెళ్ళైన నాటి నుంచీ కోరింది అదే. కానీ ఎట్లా పోను? వాళ్ళు తవ్వుకుపోతే మిగిలేది గుంత. చెడగొట్టింది నేను. కుడితిలో పడ్డ ఎలుకలా రెండు రోజులు కొట్టుకున్నాను.

"జర ఒక్క వానకాలం ఆగరాదు. నేనే బాగు చేస్త," అన్నాను చివరికి.

"నువ్వా!" అని నవ్వాడు. "సరే, సూస్త. మల్ల నీళ్ళు నిలిస్తే బట్టీకే."

ఎండాకాలమంతా అత్తా నేనూ పారలు పట్టి పైమట్టిని గీకి, వాలుకు అడ్డంగా గట్లు పోశాం. మిగిలినదాన్ని లోతుగా దున్నించి ఎర్రమట్టిలో కలిపాం. తొలకరికి జీలుగ చల్లి, పూత రాగానే ఎరువుకోసం పచ్చిగానే దున్నించాం. చేతులు బొబ్బలెక్కాయి. రోజూ వరంగల్ బస్సు మా చేను పక్కనుంచే పోయేది. పార పడేసి ఎక్కేయాలనిపించేది. ఏడుపొచ్చేది, కోపమొచ్చేది, ఎవరి మీదో తెలిసేది కాదు.

మళ్ళీ అదే వాన, విరుచుకుపడింది. తెల్లారి ముగ్గురం వెళ్ళాం. చేన్లో ఎక్కడా నీళ్ళు నిలవలేదు. అత్త ఒక గడ్డ తీసి చిదిపింది. అందులో వానపాము మెలికలు తిరుగుతోంది. మా ఆయన అక్కడే నిలబడి బట్టీ వాళ్ళకు ఫోన్ చేసి, "రాకుండ్రి," అన్నాడు.

నేను సంతోషం పట్టలేక గట్టు మీద కూలబడి ఏడ్చాను. అత్త మట్టి చేత్తోనే నా చెంప తుడిచింది.

"చెలక బతికింది బిడ్డా. ఇగ నువ్వు యాడికి పోతవ్?"

బస్సు హారన్ కొట్టుకుంటూ వెళ్ళింది. చేను బాగుపడకపోయి ఉంటే, ఈపాటికి నేను కాశిబుగ్గలో ఉండేదాన్ని.