షేర్ ట్యాక్సీలో ఏడ్చిన పెద్దమనిషి

2004లో పదిరోజుల ఆఫీసు పని మీద దుబాయ్ వెళ్లాను. ఒక సాయంత్రం అబుదాబి నుంచి షేర్ ట్యాక్సీలో తిరిగి వస్తున్నాను. కరీంనగర్‌లో నెలలు నిండకుండానే నా భార్యకు నొప్పులొచ్చాయనీ, ఆపరేషన్‌కు తీసుకెళ్లారనీ బావమరిది ఫోన్ చేసి గంట దాటింది. ఆ తర్వాత కబురు లేదు. ఫోన్‌ను గుప్పిట్లోంచి వదల్లేదు.

నా పక్కన ఒక ఇంగ్లండు పెద్దమనిషి. కారు చెడిపోయి మా ట్యాక్సీ ఎక్కాడు. ఆయన ఫోన్ మోగింది. ఒక్క నిమిషం విని, కేక పెట్టి, ముఖం కప్పుకుని ఏడ్చేశాడు.

గల్ఫులో ఇంటి నుంచి ఫోనొచ్చి మనిషి ఏడిస్తే దానికి ఒకటే అర్థం. పఠాన్ డ్రైవరు బండి పక్కకు ఆపి, అల్లాను వేడుకుంటూ దువాకు చేతులెత్తాడు. నేను పెద్దమనిషి చెయ్యి పట్టుకుని, "ఎవరు సార్? ఫాదరా?" అన్నాను.

ఆయన నా చెయ్యి ఊపేస్తూ, "మావాడు! రికార్డు కొట్టాడు!" అన్నాడు. వాళ్ల ఊరి రగ్బీ లీగ్ జట్టులో మైదానం అంచు వెంట పరుగెత్తే వింగరట. బంతిని అవతలి గీత దాటించి నేలకు ఆనిస్తే ట్రై. ఆ క్లబ్బులో అందరికంటే ఎక్కువ ట్రైలు చేసినవాడు ఇప్పుడు వాళ్ల వీధివాడే. నేను అభినందిస్తున్నానని ఆయన అనుకున్నాడు. నాకు ఒళ్లు మండింది. ఆటకా ఈ ఏడుపు!

అంతలో నా ఫోన్ మోగింది. నా ముఖం చూసి ఆయన నవ్వు ఆపేశాడు. వదలబోయిన చెయ్యి మళ్లీ గట్టిగా పట్టుకున్నాడు.

"బావా, బిడ్డ పుట్టింది. ఇద్దరు మంచిగున్నరు."

నాకు ఏడుపు ఆగలేదు. డ్రైవరు ఈసారి చేతులెత్తలేదు. వెనక్కి తిరిగి మెల్లగా అడిగాడు: "ఖుష్ ఖబర్, సాబ్?"